నూనెలో గుర్వమ్మ వంతు

వెలుగుతున్న దీపం కనబడితే ఊదకుండా ఉండలేని మనిషి మా కేతేపల్లిలో ఒక్కతే, గుర్వమ్మవ్వ. చలికాలం వస్తే ఆమెకు చేతినిండా పని. పొద్దు తొందరగా గూకుతుంది, దీపాలు తొందరగా వెలుగుతాయి, ఆమె ఇల్లిల్లూ తిరిగి ఉఫ్ ఉఫ్‌మంటుంది. ఊది ఊరికే పోదు. కొంగుచాటు నుంచి సీసా తీస్తుంది.

"నీకు నూనె మిగిల్చిన. అండ్ల నా వంతు పొయ్యి!"

నేనక్కడ బడిపంతులుగా ఉన్న 1958లో, కూలోళ్ల వాడకు గ్యాసునూనె, అదే కిరసనాయిలు, పంపమని ఓ మాపటేళ తహసీల్దారుకు అర్జీ రాస్తున్నాను. సగంలో ఉఫ్!

"అవ్వా! గ్యాసునూనె కోసమే రాస్తున్ననే!"

"నూనె అడుగనీకి నూనె కాలవెడ్తవా సారూ? పోరగాండ్లకు సదువెట్ల చెప్తున్నవు?"

తెరిచిన నోరు మూయడం నేను మరిచాను. సీసాకు మూత పెట్టడం ఆమె మరవలేదు.

అంతకన్నా ఘోరం గడీలో జరిగింది. దొర అన్నం తింటుండగా వసారాలో పెట్రోమాక్సుకు గాలి తీసేసింది! దొర చేతి ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"ఎవతే అది?"

"నీ బాంచెన్ దొరా, గుర్వమ్మను. బుక్క నోట్లెకు పోనీకి గింత వెలుగెందుకు?"

ఊరు గుండెలు పట్టుకుంది. దొర దిమ్మెరపోయి వంతు పోయించాడు. అప్పటిదాకా ఊళ్లోంచి గడీకి పోయినవే తప్ప, గడీలోంచి ఊళ్లోకొచ్చింది ఏదీ లేదు.

"గంత నూనె ముసల్ది తాగుతదా, తలకు వెట్టుకుంటదా?" అని అందరికీ అనుమానం.

పుష్యమాసంలో ఒకనాడు, చీకటి పడుతుండగా కూలి ఏసోబు ఉరికొచ్చాడు.

"సారూ, నా పెండ్లాం జానమ్మకు నొప్పులు! బిడ్డ కాళ్లతోటి వస్తున్నదట. ఇంట్ల బుడ్డి ఆరిపోయింది. వెలుగు లేంది చెయ్యి వెట్టనంటున్నది మంత్రసాని బిక్షమ్మ!"

దుకాణంలో వారం నుంచి నూనె లేదు. నా అర్జీకి జవాబు లేదు. నా బుడ్డిలో మిగిలింది తడి మాత్రమే. అదే పట్టుకుని పరుగెత్తాను. గుడిసె ముందు గుర్వమ్మవ్వ!

"నీ కాళ్లు మొక్కుత అవ్వా, ఇయ్యాల ఊదకు!"

"పక్కకు జరుగు సారూ!"

చేతులకు నాలుగు కందిళ్లు, నిండా నూనె! లోపలికి పోయి అరిచింది: "వత్తులు పెంచుండ్రి! ఇంకా పెంచుండ్రి!"

ఆ నోట ఆ మాట! లోపలి నుంచి బిక్షమ్మ కేక వేసింది.

"నేనే కబురు వెట్టిన. మూడేండ్ల సంది వాడల ప్రతి కాన్పుకు నేను తెచ్చే నూనె గీమెదే సారూ! వాడ కోసమంటె ఎవడు పోస్తడే, నోర్మూసుకో అన్నది నన్ను!"

కాసేపటికి బిడ్డ కేరుమంది. ఆడపిల్ల. తల్లి కులాసా.

బాలింత బువ్వ తినేదాకా ఒక్క కందిలి ఆర్పినా ఊరుకోనని బెదిరించి, నాలుగూ అక్కడే వదిలి, గుర్వమ్మవ్వ చీకట్లో ఇంటిదారి పట్టింది. వాడ మలుపులో పడుకున్న బర్రె మీద బోర్లా పడింది.

"కండ్లు కనబడ్తలేవా?" అని దాన్నే తిట్టింది.