తెర వెనుక కాళ్లు చూసే ముక్తార్

కొత్తగూడెంలో కళాభవనం కట్టే రోజుల్లో బొగ్గుబావిలో డ్యూటీ దిగినవాళ్లు మసి ఒళ్లతోనే వచ్చి ఇటుకలు మోశారని చెబుతారు. తెర కుట్టే పని దర్జీ ముక్తార్‌ది. అప్పుడాయనకు ఇరవై రెండేళ్లు. మొదటి నాటకం రోజున తాడు లాగే మనిషి రాకపోతే, కుట్టినవాడివి నువ్వే లాగమన్నారు. ముప్పై తొమ్మిదేళ్లయినా ఆ తాడు చేయి మారలేదు.

ఆయన తాడు దగ్గర స్టూలు మీద కూర్చుని, తెర వెనుక నిలబడ్డవాళ్ల కాళ్లు చూస్తాడు. రంగు పూసిన ముఖం భయాన్ని దాస్తుంది, కాళ్లు దాచలేవు. అవి కుదురుకున్నాకే బిస్మిల్లా అనుకొని తెర లేపుతాడు. ఈలోపు, వేదిక ఊడ్చే రాఘవమ్మ అగరుబత్తి వెలిగించి దణ్ణం పెట్టుకుంటుంది.

మొన్న శ్రావణంలో మోటారు తెర వచ్చింది. దాన్ని లేపే బటన్‌ను మేనేజర్ అనిల్‌కుమార్ గదిలో పెట్టారు.

"ఇగ రెస్ట్ తీసుకో భాయ్. చేతులు అరిగిపోయినయ్," అన్నాడు మేనేజర్ ప్రేమగానే.

ముక్తార్ తలూపాడు. కానీ తాడు లేకపోతే తనకిక్కడ ఏం పని? మర్నాడు సాయంత్రం మనసొప్పక వచ్చి ఓ పక్కన నిలబడ్డాడు.

చండ్రుగొండ నుంచి వచ్చిన లిఖిత అనే పదేళ్ల పిల్ల నాట్యం. గంట మోగగానే తెర లేచింది. పాట మొదలైనా పిల్ల కదల్లేదు. గజ్జెలు మాత్రం వణుకుతున్నాయి. జనంలో ఎవరో నవ్వారు. తెర దించేశారు.

మేనేజర్ ఉరికొచ్చాడు. "ఏందమ్మా, ఏమైంది?"

"పిల్ల తప్పు కాదు సార్. కాళ్లు నిలబడకముందే లేపిర్రు," అన్నాడు ముక్తార్.

రాఘవమ్మ నీళ్లు తాగించి, కొంగుతో పిల్ల అరికాళ్ల చెమట తుడిచింది. ముక్తార్ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"నువ్వు ఊ అనేదాకా తెర లేవదు బిడ్డా. కలెక్టరొచ్చి అడిగినా లేవదు."

"నిజంగనా తాతా?"

"అవ్. కావాలంటే ఈ అవ్వనడుగు."

"నన్నెందుకడుగుడు, ముప్పై ఏండ్ల సంది చూస్తలేనా ఈయన మొండితనం," అంది రాఘవమ్మ.

పిల్ల నవ్వింది. కాసేపటికి గజ్జెలు ఊరుకున్నాయి. ఊ అంది. మేనేజర్ బటన్ నొక్కడానికి మళ్లీ గదికి ఉరికాడు. ఈసారి పాట చివరిదాకా సాగింది.

మరుసటి వారం ఎలక్ట్రీషియన్ బటన్‌ను వేదిక పక్కకు మార్చాడు. దాని కింద స్టూలు వేసింది అనిల్‌కుమారే.

"ముక్తారూ, ఒక్క వేలు చాలు గదా. తాడు లాగినట్టు రెండు చేతులెందుకు లేపుతవ్?" అని రాఘవమ్మ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

ఆయన వినిపించుకోడు. కాళ్లు చూస్తుంటాడు.