పొడిబట్టల్లో మా మామ

మా ఊరి భద్రతా వ్యవహారాలను ఎవరూ అప్పగించకుండానే ఏళ్ల తరబడి నిర్వహించిన మా పక్కింటి మామ గత వారం తమ స్వగృహంలో, లోపలి గడియలన్నీ సక్రమంగా వేసి ఉండగా, కన్నుమూశారని పాఠకులకు తెలియజేయవలసి వచ్చింది. గడియల ప్రస్తావన ఇక్కడ అనవసరమని కొందరికి అనిపించవచ్చు. కానీ ఆయనను కడసారి చూడవచ్చిన వారందరం ముందుగా చేయవలసిన పని తలుపు పగలగొట్టడమే అయింది. ఐరాల చుట్టుపక్కల ఏ తలుపుకు ఎన్ని గడియలు బిగించవచ్చో జీవితమంతా బోధించిన మనిషి ఇంట్లోకి ఊరు గడ్డపారతో ప్రవేశించింది. పట్టపగలు, సాక్షుల సమక్షంలో.

"మెల్లగా కొట్టండప్పా, మామ లేస్తే తిడతాడు" అన్నారెవరో వెనకనుంచి. అలవాటుకొద్దీ మెల్లగానే కొట్టారు.

ఆయన నాకు రక్తసంబంధం వల్ల మామ కాదు, ప్రహరీ గోడ సంబంధం వల్ల. ఎక్కడో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా చేసి, రిటైరై, భార్య పోయాక ఒక ఆవుతోనూ అనేక తాళాలతోనూ ఒంటరిగా ఉండేవారు. పిల్లలు లేరు. తాళం వేశాక గుంజి చూడటం, నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి మళ్లీ గుంజటం ఆయన పద్ధతి. వీధిలో నడిచేటప్పుడు ఇతరుల తాళాలను కూడా ఈ తనిఖీ నుంచి మినహాయించేవారు కాదు. మధ్యాహ్నం కునుకు తీస్తున్న వాళ్లు గొళ్లెం చప్పుడుకు ఉలిక్కిపడి "ఎవురది?" అని అరిస్తే, "ఏం లేదు, పడుకో. గట్టిగానే ఉండాది" అని సర్టిఫికెట్ ఇచ్చి ముందుకు సాగేవారు.

"తలుపు తీసేముందు ఎవురని అడుగు, మూసేముందు ఎవురూ లేరని సూడు" అనేవారు. టార్పాలిన్ పట్ట తప్ప తలుపే లేని ఇంటివారికి కూడా ఈ సలహా ఇచ్చిన నిష్పక్షపాతి ఆయన.

ఊళ్లో ఎవరు తిరుమలకు బయలుదేరినా ఇంటి తాళంచెవి ముందు ఆయన చేతికి వెళ్లేది. ఆయన నడవలో గోడకు మేకులుండేవి, ఒక్కో ఇంటికి ఒక్కో మేకు. మా అమ్మ తిరుపతి ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు మా ఆవును ఆయనే పితికారు, మొక్కలకు నీళ్లు పోశారు, మేము తిరిగొచ్చిన రోజు తోడుపెట్టిన పెరుగు గిన్నె గడప మీద ఉంచారు. ఆ పెరుగు విషయంలో నాకు ఈనాటికీ ఎటువంటి ఫిర్యాదూ లేదు. ఆ సంగతి ఇక్కడే చెప్పి ముందుకు వెళ్లడం న్యాయం.

కొన్నేళ్ల కిందట వేసవిలో పొలాల్లో బోరు మోటార్ల కేబుళ్లు మాయం కావడం మొదలైంది. కేబులు లోపల రాగి ఉంటుంది. దాన్ని కోసుకుపోతే పోయేది రాగి ఒక్కటే కాదు. కొత్తది తెచ్చి వేసేలోగా టమాటా తోట ఎండిపోతుంది. పాల కేంద్రం ముందు మామ సమావేశం ఏర్పాటు చేశారు. ఇంటికొక రంగు కేటాయించి, కేబులు పొడవునా పట్టీలుగా పూయాలని ఆదేశించారు. మాకు పచ్చ వచ్చింది. "దొంగ యాడికి పోయినా రంగు పోదు" అన్నారు. మేము పూశాం. కేబుళ్లు రంగులతో సహా పోయాయి.

అప్పుడాయన తుది చర్య ప్రకటించారు: "ఇంగ కాణిపాకమే."

మా వైపు దొంగతనం తేలనప్పుడు పోలీసుల తర్వాతి మెట్టు అదే. కోనేట్లో మునిగి, తడిబట్టలతో స్వామి ముందు నిలబడి, నేను తీయలేదని చెప్పాలి. అబద్ధమాడిన వాడి సంగతి స్వామి చూసుకుంటాడు. ఊళ్లోని మగవాళ్లందరం ట్రాక్టరెక్కాం. మునిగే ముందు చొక్కాలు, ఫోన్లు, తాళంచెవులు ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా. ఆ ఒకరు ఎవరన్న చర్చే రాలేదు. మామ ఒడ్డున నిలబడ్డారు, భుజాల మీద మా చొక్కాలు, తువ్వాలు మూటలో మా ఫోన్లు. "ఊఁ, తల మునగాల. జుట్టు తడవలేదు, మళ్లా మునుగు" అని ఒక్కొక్కరినీ పర్యవేక్షించారు. ఆ రోజు ఊరి మొత్తంలో పొడిగా ఉన్నది ఆయనొక్కరే.

మా తమ్ముడిది బోరులోకి మోటార్లు దించే పని. అందరి కేబుళ్లూ వాడి చేతుల మీదుగా వెళ్లినవే కాబట్టి అప్పటికే కొన్ని చూపులు వాడి మీద ఉన్నాయి. వాడికి ఆ రోజు జలుబు. "నేను ఎవురి కేబులూ తీయ..." అనేంతలో తుమ్మాడు. మళ్లీ మొదలుపెట్టి పూర్తిగా చెప్పాడు. కానీ మా ఊరి న్యాయశాస్త్రంలో తుమ్ముకు అప్పీలు లేదు.

"జలుబు మామా" అన్నాడు వాడు, ముక్కు తుడుచుకుంటూ.

మామ వాడి చొక్కా వాడికిచ్చారు. "స్వామి ముందర మాట తెగింది. నేనేం అననబ్బా. సూసినోళ్లు సూసినారు."

ఆ తర్వాత వాడిని ఎవరూ మోటారు దించడానికి పిలవలేదు. వాడు బోరు పక్కగా నడిస్తే పొలంగలవాళ్లు దగ్గేవారు. చివరికి తిరుపతిలో ఒక లాడ్జికి వాచ్‌మన్‌గా వెళ్లాడు. దొంగ అని ఊరు తేల్చినవాడికి కాపలా ఉద్యోగం ఇచ్చిన ఆ లాడ్జివారికి కాణిపాకం తుమ్ము వార్త అందలేదనుకుంటాను.

వాడు బస్సెక్కే రోజు మామ స్టాపు దాకా వచ్చారు. వాడి తల మీద చెయ్యి పెట్టి, "ఊరు నమ్మదురా. నేను నమ్మతాను" అన్నారు. తమ్ముడు ఏడ్చాడు. ఆ మాట మీదే వాడు బతికాడు. ఊరికి వచ్చినప్పుడల్లా మా గడప కంటే ముందు ఆయన గడప తొక్కేవాడు, లడ్డూ ప్రసాదంతో. "నన్ను నమ్మిన మనిషి ఆయనొక్కడే గదన్నా" అనేవాడు నాతో. నేనూ నమ్మానురా అని చెప్పి చూశాను. అన్న నమ్మకం లెక్కలోకి రాదన్నాడు.

పోయినాయనకు కొడుకులు లేరు గనుక పాడె ముందు కొమ్ము తానే పడతానని తమ్ముడు మొదటి బస్సుకే వచ్చాడు. పాడె కట్టడానికి తాడు చాలలేదు. అటక మీద ఉంటుందేమోనని నేను ఎక్కాను. చింతపండు కుండల వెనక గోనెసంచులున్నాయి. విప్పితే తాడు కాదు, చుట్టలు చుట్టిన కేబుళ్లు. ఎర్ర పట్టీలు, పసుపు పట్టీలు, పచ్చ పట్టీలు. రంగు పోలేదు. ఆ ఒక్క విషయంలో ఆయన మాట నిలబెట్టుకున్నారు. పక్కనే కేబులు కోసే కట్టరు, నూనె రాసి, గుడ్డ చుట్టి, ఆయన వస్తువులన్నింటిలాగే భద్రంగా ఉంది.

చుట్టలు కిందికి దించాను. నడవ నిండా జనం. ఎవరో అన్నారు: "దొంగ కాడ పట్టుకోనొచ్చి దాచినాడేమోలేప్పా."

"దాచినోడు సెప్పడా?"

దానికి జవాబు చెప్పవలసినవారు చాప మీద పడుకుని ఉన్నారు.

ఆయనకు పొలం ఉంది, పెన్షన్ ఉంది, ఆవు ఉంది. అమ్ముకోని రాగి ఎందుకు దాచారో నాకు తెలియదు. కేబుళ్లు మాయమైన ఆ వేసవిలోనే ఊరు ఆయన మాట నిలబడి వింది. అంతకు మించి నాకు తోచింది లేదు.

తమ్ముడు పచ్చ పట్టీల చుట్టను చేతిలోకి తీసుకున్నాడు. "ఇది మనదేగదన్నా" అన్నాడు. తర్వాత దాన్ని తీసుకెళ్లి ఆయన కాళ్ల దగ్గర పెట్టాడు. "నేను నమ్మతాను అంటివే మామా" అన్నాడు. చాప పక్కన కాసేపు వేచి ఉన్నాడు, సమాధానం రావచ్చునన్నట్టు.

ఆయనకు స్నానం చేయించాం. మా ఊరు చూస్తుండగా మామ తడవడం అదే మొదటిసారి. తడిబట్టలతో ఆయన మా అందరి ముందు ఉన్నారు. ఏమీ చెప్పలేదు.

"ముందు కొమ్ము పట్టు" అన్నారెవరో తమ్ముడితో.

"నేను మొయ్యను" అన్నాడు వాడు. గొంతు పెంచలేదు.

నేను మోశాను. పెరుగు గిన్నె బాకీ నాది.

దహనం తర్వాత ఇళ్లకు వెళ్లే ముందు స్నానాలు చేయాలి. అందరం మా బోరు దగ్గరికి వచ్చాం. తమ్ముడు అక్కడే గట్టు మీద ఉన్నాడు. మోయనివాడికి మునగాల్సిన పని లేదు. చొక్కాలు విప్పి చేతుల్లో పట్టుకున్నవాళ్లు ఫోన్లు, తాళంచెవులు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోయారు. ఇన్నేళ్లూ ఆ ప్రశ్న రాలేదు.

తమ్ముడు తువ్వాలు పరిచాడు. "ఈడ పెట్టండి" అన్నాడు.

ఒకరు పెట్టారు. తర్వాత ఒకరు. మామ గోడ మేకుల నుంచి ఆ ఉదయమే తీసుకున్న తాళంచెవులు ఒక్కొక్కటిగా ఆ తువ్వాల్లో పడ్డాయి. నీళ్లు చల్లగా ఉన్నాయి. మాలో ఎవరో తుమ్మారు. అందరూ గట్టు వైపు చూశారు. తమ్ముడు మూట మీద చెయ్యి తీయకుండా, మేము తడవడం చూస్తూ కూర్చున్నాడు, పొడిబట్టల్లో.