నడవలేని కాళ్ళతో అమర్‌కంటక్ ఘాట్ రోడ్డు

ఆ రోజు కట్నీ వైపు వెళ్ళే రైల్లో నా డ్యూటీ. నేను టీటీఈని. ఒక బోగీలో టికెట్లు చూసి రెండో బోగీలోకి అడుగుపెట్టేసరికి మోకాళ్ళ కింద నుంచి రెండు కాళ్ళూ బరువెక్కాయి. నొప్పి కాదు, తడి ఇసుక నింపినట్టుంది. ఎవరిదో బెర్తు చివర కూర్చున్నాను. కాసేపటికి తగ్గింది. ఉక్కపోత వల్లేమో అనుకున్నాను.

తర్వాత్తర్వాత కూర్చోవడం ఎక్కువైంది. మేముండే ఉస్లాపూర్‌లో కూరగాయలకు వెళ్తే తోపుడు బండి మీదకి వంగి నిలబడితే హాయిగా ఉండేది. వంకాయలు ఏరుతున్నానని బండివాడు అనుకునేవాడు.

మా ఆయన లోకో పైలట్‌గా రిటైరయ్యారు. "వయసే అది. కాపడమెట్టు, తగ్గిపోద్ది" అన్నారు. ఆయన నాకంటే పెద్ద. ఆ వయసేదో ఆయన కాళ్ళకు మాత్రం రాలేదు.

చివరికి ఆసుపత్రికి వెళ్ళాం. "ఎంత దూరం నడవగలరు?" అని ఆర్థోపెడిక్ డాక్టరు గారు అడిగారు.

"రెండు బోగీలు సార్."

ఆయన నవ్వలేదు. వంగితే తగ్గుతుందా అని అడిగారు. పాదాల్లో పల్స్ చూశారు. ఎక్స్‌రే, ఎమ్మారై తీయించారు. "లంబార్ కెనాల్ స్టెనోసిస్. నడుములో నరాలు వెళ్ళే దారి ఇరుకైంది" అన్నారు.

మాత్రలు, ఫిజియోథెరపీ, తర్వాత వెన్నులోకి ఎపిడ్యూరల్ ఇంజెక్షన్. కొన్నాళ్ళు బాగానే ఉంది. ఆపైన ఎడమ పాదం పైకి లేవడం మానేసింది. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. "ఫుట్ డ్రాప్. ఇక ఆగకూడదు" అని నరాల మీద ఒత్తిడి తీసే డీకంప్రెషన్ సర్జరీ చేశారు. కాళ్ళ బరువు చాలా తగ్గింది కానీ పాదంలో బలం పూర్తిగా రాలేదు. ఇప్పటికీ పాదం వాలిపోకుండా స్ప్లింట్ వేసుకుంటాను, చేతికర్ర పట్టుకుంటాను. రైల్లో డ్యూటీ తీసేసి ఆఫీసులో కూర్చోబెట్టారు.

ఆ కుర్చీలో నాకో భయం పట్టుకుంది. ఇక నన్నెవరూ ఎక్కడికీ తీసుకెళ్ళరని. తీసుకెళ్ళినా నా కోసం వాళ్ళూ ఆగిపోతారని. ఏళ్ళ తరబడి కొండ మీది అమర్‌కంటక్‌కు వెళ్ళే యాత్రికుల టికెట్లు చూశాను, ఆ కొండ మాత్రం ఎప్పుడూ ఎక్కలేదు. ఇప్పుడు వెళ్ళకపోతే ఇంకెప్పుడూ వెళ్ళలేననిపించింది.

"రోడ్డు మీద ఎల్దామండీ, ఘాట్ సూసుకుంటూ" అన్నాను.

"పాసుండగా కారేటే?" అన్నారు మా ఆయన.

నాకూ అదే సబబనిపించింది. రైల్వే వాళ్ళం, చేతిలో పాసు పెట్టుకుని కారెక్కడమంటే సొంతింటికి అద్దె కట్టినట్టే మాకు.

కొండకు దగ్గరి స్టేషన్లో రైలు అవతలి ప్లాట్‌ఫారం మీద ఆగింది. ఫుట్‌ఓవర్ బ్రిడ్జి సగం ఎక్కాక ఎడమ పాదం మెట్టుకి తగిలింది. పడలేదు, అక్కడే కూలబడ్డాను. జనం నన్ను దాటుకుని వెళ్తున్నారు. "బస్, థోడా సా హై అమ్మా" అని ఒకాయన ధైర్యం చెప్పాడు. ఆ కాస్తా నా వల్ల కాలేదు. తర్వాతి రైల్లో వెనక్కొచ్చేశాం. మా ఆయన దారంతా కిటికీలోంచి బయటికే చూశారు. కోపం కాదని తెలుసు. నా వల్ల ఆయనా చూడలేకపోయారు, అదే నన్ను తినేసింది. ఇంటికొచ్చి ఏడ్చాను.

తర్వాతి చెకప్‌లో డాక్టరు గారు అంతా విన్నారు. "మీకు కష్టం నడక, కూర్చోవడం కాదు. కూర్చుని వెళ్ళే దారుండగా మెట్ల దారెందుకు పట్టారు?" అన్నారు. మా ఆయన నా రిపోర్టుల ఫైలు తిరగేయడం మొదలెట్టారు.

ఈసారి నా కాళ్ళని బట్టి ప్లాన్ వేశాం. దిగేటప్పుడు లేవడం తేలికని సీటు ఎత్తుగా ఉన్న కారు మాట్లాడాం. రోడ్డు తడిగా ఉండదని చలికాలం పెట్టుకున్నాం. గది కోసం ఫోన్ చేసి మెట్లున్నాయా అంటే "నహీ నహీ, బస్ దో-చార్" అన్నాడొకాయన. ఆ రెండు నాలుగు మెట్లూ నా వల్ల కాదని ఇంకో చోటు వెతికాం. డిక్కీలో మా వరండాలోని ప్లాస్టిక్ కుర్చీ పెట్టించాను. మా ఆయనకది నామోషీ.

"కుర్చీ మోసుకెల్తే జనం ఏటనుకుంటారే?"

"ఇంజినీడ్చినోరు కుర్చీ మొయ్యలేరేటి?" అన్నాను. మోశారు.

రతన్‌పూర్, కేందా మీదుగా వెళ్ళాం. బాగున్న చోట కాదు, కాళ్ళు అడిగిన చోటల్లా ఆగాం. ఘాట్ మలుపుల్లో కిందికి అంతా సాల చెట్ల పచ్చదనం. అద్దం దించుకుని కడుపునిండా చూశాను.

కొండ మీద కపిల్‌ధార దగ్గర కారు దిగాక జలపాతానికి నడవాలి, ఆపైన మెట్లు. చెట్టు నీడన కుర్చీ వేయించుకుని మా ఆయన్ని వెళ్ళిరమ్మన్నాను.

"నువ్వు నేకుండా నానేటి సూస్తానే?"

"మీరు ఎల్లిరండి. నానిక్కడే ఉంటాను."

రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి వెళ్ళారు. ఆపరేషన్ తర్వాత ఇల్లూ ఆఫీసూ దాటి బయట ఒంటరిగా ఉండటం నాకదే మొదలు. కోతులు దగ్గరికొస్తే చేతికర్ర ఆడించాను. భయం వేయలేదు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడుపుకుని వచ్చారాయన. నీళ్ళ చల్లదనం, రాళ్ళ నునుపు, గది చేరేదాకా అదే కబురు. ఆ జలపాతం నేను చూడలేదు. అయినా ఆ రోజంత సంతోషంగా ఈమధ్య ఎప్పుడూ లేను.

ఇప్పుడు ఆఫీసు, పొద్దున వ్యాయామం, వీలున్నప్పుడు ఎటైనా కారు ప్రయాణం. నాలాంటి వాళ్ళకు ఒక్కటే చెప్తాను. బయల్దేరేముందు ఎంత దూరమని ఎవరినీ అడక్కండి, అందరూ దగ్గరే అంటారు. బండి ఎక్కడిదాకా వెళ్తుందో, అక్కడ కూర్చోడానికి ఏముందో అడగండి. మీరు స్థిమితంగా కూర్చుంటేనే మీ వాళ్ళు మిమ్మల్ని వదిలి ముందుకెళ్తారు.