ఎంటర్ కొట్టాక

ఆళ్లగడ్డలో ఊరికంతా ఇంటర్నెట్ ఇచ్చే లినక్స్ సర్వర్‌లో నెట్‌వర్క్ సర్వీసును ఫణీంద్ర నంద్యాల ఆఫీసులో కూర్చుని ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టాలన్నా ఆ నెట్‌వర్క్ మీదుగానే వెళ్లాలని ఎంటర్ కొట్టాక గుర్తొచ్చింది. ఏ కమాండ్ కొట్టబోయినా కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని, పెదవులు కదుపుతూ రెండోసారి చదువుకునే మనిషి. పాపం, ఈరోజూ చదువుకున్నాడు. ఇంకోసారి ఫణీంద్ర చేత్తో నెట్ ఆగితే పనిలోకి రావద్దని యజమాని రామలింగయ్య పోయిన నెలే చెప్పాడు. సర్వర్ దగ్గరికే వెళ్లి మొదలుపెట్టడానికి ఎక్కిన ఆళ్లగడ్డ బస్సులో చార్జర్ వైరును వేళ్లకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ, ఏ అబద్ధం అతుకుతుందో వెతుక్కున్నాడు. వానా లేదు, కరెంటూ పోలేదు. ఇంతలో యజమాని ఫోన్. బస్సు హారన్ ఆయనకూ వినబడింది.

"ఊర్లో ఎవురికీ నెట్ లేదంటాంటే బస్సులో యాడికి పోతాండావ్? ఆఫీసులో కూచోనే సరిచేయొచ్చు గదప్పా!"

"ఆడ కూచోనే ఆపినానన్నా."