లిఫ్టు తాత జేబులో ఫ్యూజు

పక్కింటి కోడలు ఎందుకలిగిందో అడుగుతారు, ఎదురింటి పిల్లి పిల్లల్ని ఎక్కడ పెట్టిందో అడుగుతారు. మీ లిఫ్టు తాత ఎలా బతికాడో ఒక్కరైనా అడిగారట్రా? నోళ్ళు మూసుకుని వినండి.

ఆయన ఆఫీసులో బంట్రోతు. ఫైళ్ళు చంకన పెట్టుకుని అయిదంతస్తులూ బొంగరంలా తిరిగేవాడు. అలాంటిది, లిఫ్టు పెట్టించి, అందులో స్టూలేసి ఆయన్ని కూర్చోబెట్టారు. ఇంకేం, మహారాజు! ఏ అంతస్తులో తలుపు తెరుచుకున్నా తియ్యటి టీ. రివటలాంటి మనిషి గాదెలా తయారయ్యాడు.

షుగరని డాక్టరు చెబితే ఏడవాలా? మిఠాయి పొట్లంతో ఇంటికొచ్చాడు.

"ఏమే, ఆఫీసరుగారి జబ్బే నాకూ వచ్చిందే!"

"ఏడిశావులే! ఆయన జీతం రాలేదు గానీ జబ్బొచ్చిందా?" అంది పెళ్ళాం.

అప్పట్లో అది గొప్పవాళ్ళ జబ్బని మురిపెం. ఇప్పుడేముంది, ఊరికొకరికి ఉండేది ఇంటికిద్దరికైంది. కాళ్ళు కదలవు, నోరు ఆగదు, రాక చస్తుందా!

ఓ సాయంత్రం ఒక్క చెప్పుతో వచ్చాడు.

"రెండోదేదయ్యా?"

"వేసుకునే ఉన్నాగా!" అని కిందికి చూసుకున్నాడు. కాలంతా మట్టి. చెప్పు ఎక్కడ జారిందో కాలికే తెలియలేదు. మొహాన నెత్తుటి చుక్క లేదు.

"షుగరుకి కాలు మొద్దుబారింది. ఇలాగే కూర్చుంటే కాలు తీసేయాల్సొస్తుంది. మందులు మానకు, బూట్లేసుకుని రోజూ మెట్లెక్కు" అన్నాడు డాక్టరు.

"నా ఉద్యోగమే కూర్చోవడం కదండీ!"

మర్నాటి నుంచి లిఫ్టు చెడిపోయింది. అంటే, ఈయన ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడన్నమాట. అందరూ రొప్పుతూ మెట్లెక్కుతూ లిఫ్టుని తిట్టిపోసేవాళ్ళు. ఈయనా వాళ్ళతోపాటే ఎక్కుతూ, వాళ్ళకంటే నాలుగు ఎక్కువే తిట్టేవాడు. ముసలివాళ్ళో, కడుపుతో ఉన్నవాళ్ళో వస్తే మాత్రం, గుట్టుగా ఫ్యూజు పెట్టేసి, "అదృష్టవంతులు, ఇప్పుడే బాగైంది" అనేవాడు.

ఓ రోజు మెట్ల మీద వంగితే ఫ్యూజు టంగుమని ఆఫీసరుగారి కాళ్ళ ముందు పడింది. కాలు దక్కించుకుందామంటే ఉద్యోగం ఊడేట్టుంది! ఆఫీసరు దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదా సంగతి! నాకు షుగరు దిగిందట, ఏం చేస్తున్నారని నిన్ననే అడిగాడయ్యా మా డాక్టరు."

"తమరి దయండీ..."

"నీ జేబు చిరిగినట్టుంది. ఇది నా దగ్గరుండనీ. అవసరమైనవాళ్ళొస్తే అడిగి పట్టుకెళ్ళు" అని తన జేబులో వేసుకుని పైకెక్కాడు.

మీ తాత కడదాకా తన రెండు కాళ్ళ మీదే నడిచాడు. ఎనభై రెండో ఏట పోయాడు.