పగుళ్లాయన

తిరిగే చక్రాలు ఏ వేగం దగ్గర, ఎక్కడ పగులుతాయో ముందే లెక్కగట్టి చెప్పడం ఆయన ఉద్యోగం. అందుకే ఫ్యాక్టరీలో అందరికీ ఆయన పగుళ్లాయన. ఇంట్లో ఫ్యాను కింద మంచం వేయనివ్వడు. మిక్సీ తిరుగుతున్నంతసేపూ భార్యను తలుపు చాటున నిలబెడతాడు. బస్సెక్కబోతూ వంగి చక్రాలకేసి చూసి, ఒక్కోసారి ఎక్కకుండా నడిచే పోతాడు.

ఆ రోజు లోహంలో పింగాణీ పొడి కలిపి చేసిన కొత్త చక్రానికి పరీక్ష. నిమిషానికి నలభై వేల చుట్ల దగ్గర పగులుతుందని, పగిలే చోటు కూడా బొమ్మ గీసి మరీ ఇచ్చాడు. మందపాటి గోడ వెనక అందరూ ఊపిరి బిగబట్టారు. నలభై వేలు దాటినా చక్రం నిక్షేపంగా తిరుగుతోంది.

"పగులు తల్లీ, నా పరువు నిలబెట్టు," అని ఆయన గోడకు దణ్ణం పెట్టాడు.

నలభై అయిదు వేల దగ్గర మోటారు కాలిపోయింది. చక్రం మీద గీత కూడా పడలేదు.

"ఉక్కుపిండం! రేపే యంత్రానికి బిగించేద్దాం," అని మేనేజరు చప్పట్లు కొట్టించాడు.

పగుళ్లాయన చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని గోటితో మీటాడు. ఖంగుమనాల్సింది బొంగురుగా పలికింది.

"కోయించండి సార్, లోపల పగిలింది."

"లెక్క తప్పిందని ఒప్పుకోవచ్చు కదయ్యా!"

ఆయన చక్రాన్ని వదల్లేదు. గంటసేపు చూసి, విసుగెత్తి కోయించారు. ఆయన గీసిన చోటే, వెంట్రుకంత చీలిక. మేనేజరు నుదుటి చెమట తుడుచుకున్నాడు. పగుళ్లాయన మాత్రం కళ్లనీళ్లతో ఇంటికి ఫోను చేశాడు.

"పగిలిందే!"

"అమ్మయ్య!" అంది భార్య. ఆ వెంటనే లోపలికి కేక పెట్టింది. "అత్తయ్యా, పగిలిందట!"