పికప్పు బండీ, నా అట్లకాడా

బండి హెడ్‌లైట్లు చెడిపోవడానికి గోతుల రోడ్డే అక్కర్లేదు. పొదుపు తెలిసిన ఇల్లాలు ఒక్కతి ఇంట్లో ఉంటే చాలు. మా ఇంట్లో నేనున్నాను. నిక్షేపంలా తిరుగుతున్న పికప్పును తుక్కు బేరం దాకా తీసుకెళ్ళిన ఘనత నాది. నవ్వుకోండి గానీ, ముందు లేచి మీ ఇంట్లో మిగిలిపోయిన పెయింటు డబ్బాలేమైనా ఉంటే అటక మీద పడేసి రండి.

తొంభైల చివర్లో నర్సీపట్నంలో మాకో పాత పికప్పు ఉండేది. మావారు దాని మీద కొయ్యూరు సంతకు వెళ్ళి అనాసకాయలో చింతపండో వేసుకొచ్చేవారు. సంతరోజున నేనూ పక్క సీట్లో ఎక్కేదాన్ని. ఆయనకు బేరమాడటం చేతకాదు కాబట్టి వెళ్తున్నానని అందరికీ చెప్పేదాన్ని. అసలు సంగతి వేరు. ఉమ్మడి ఇంట్లో పదిమంది మధ్య ఆయనతో నాలుగు మాటలాడే వీలుండేది కాదు. ఆ సీట్లో ఉండేది. తిరిగొచ్చేటప్పటికి కొండల మీద పొద్దు వాలిపోయేది. దీపాలు వేసి, ఒక చెయ్యి స్టీరింగు మీద ఉంచి, రెండో చేత్తో వేరుశనక్కాయలు నలిపి నా చేతిలో పోసేవారు. నా నోటికి వీధి వీధంతా హడలిపోయేది; అలాంటి నేను నోరెత్తకుండా తినేదాన్ని.

ఒక ఏడు దసరాకు బండిపూజ దగ్గర పడింది. వట్టి పసుపు బొట్లతో సరిపెట్టడం నాకు నచ్చలేదు. కిటికీలకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు డబ్బా అడుగున కాస్త ఉంది. పారేయడానికి చేతులెలా వస్తాయి? ఆయన పొరుగూరు వెళ్ళిన రోజు చూసి బానెట్ ఎత్తాను. బ్యాటరీ నుంచి వచ్చిన లావుపాటి తీగ ఒకటి బండి రేకుకు బోల్టుతో బిగించి ఉంది. దాని చుట్టూ తుప్పు. ఇంట్లో పంపులు విప్పి వాషర్లు మార్చుకునేదాన్ని, బోల్టు నాకో లెక్కా? విప్పాను, గీకాను. రేకుకూ బోల్టుకూ కూడా దిట్టంగా రంగు పట్టించాను. ఆరాక తీగను మళ్ళీ బిగించాను. పెళ్ళికూతురి గాజులా మెరిసింది.

పూజైంది. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. ఆ మర్నాటి నుంచే బండికి పిచ్చెక్కింది. ఇండికేటరు వేస్తే హెడ్‌లైట్లు కన్నుకొట్టేవి. బ్రేకు తొక్కితే అలిగిన అల్లుడి మొహంలా మాడిపోయేవి. హారను కొడితే వైపరు నిద్రలో ఉలిక్కిపడ్డట్టు లేచి మళ్ళీ పడుకునేది.

“దిష్టి తగిలినట్టుందే,” అన్నారు మావారు.

“మిరపకాయలు కట్టండి,” అన్నాను.

కట్టారు. మిరపకాయలు ఎండాయి గానీ దీపాలు బాగుపడలేదు. మా వీధి చివర ఆటోలకు వైరింగు చేసే రమణను పిలిపించారు. బల్బులు మార్చాడు, స్విచ్చి మార్చాడు, వేరే బ్యాటరీ తెచ్చి పెట్టి చూశాడు.

“అన్నీ బాగానే ఉన్నాయి పిన్నిగారూ.”

“బాగుంటే సరిగ్గా ఎలగవేటి?”

“బండి ముసిల్దయిపోనాదండి.”

“నీ కన్నా సిన్నదేరా అది. నువ్వు తిరగట్లేదేటి?”

ఆ వారం సంత నుంచి వస్తుంటే, మలుపులో బ్రేకు తొక్కగానే దారి కనబడక బండి కాలవ అంచున ఆగింది. మావారు బండిని మెల్లగా వెనక్కి తీసి రోడ్డెక్కించారు. ఇంటికొచ్చాక అన్నారు: “అమ్మీస్తానే. తుక్కు కొనీ ఆయన్ని రేపు రమ్మంటాను. దీపాల్లేని బండిలో నిన్ను కూకోబెట్టి కొండ దింపలేను.”

ఆయన అమ్మేది బండిని కాదు, నా సీటును.

“ఇంకొక్కపాలి రమణకి సూపించండి.”

“సూసి సూసి ఆడి కళ్ళు పోతన్నాయే.”

“పోతే పోనీండి, సూడమనండి.”

పొద్దున్నే రమణా వచ్చాడు, తుక్కాయనా వచ్చాడు. రమణ హెడ్‌లైట్ల స్విచ్చి వేసి, బానెట్ ఎత్తి చూస్తున్నాడు. తుక్కాయన బండిని కొబ్బరికాయలా వేలితో కొట్టి చూస్తున్నాడు. అట్టు వేస్తున్నదాన్ని ఆ చప్పుడు భరించలేక అట్లకాడతోనే బయటికొచ్చాను.

“ఈ మూల సూసావేటిరా?” అని రమణకు చూపిస్తూ అట్లకాడ కొసను బ్యాటరీ మీద ఆ లావుపాటి తీగ చివర ఆనించాను. కాడ వెళ్ళి పక్కన రంగు లేచిపోయిన రేకుకు తగిలింది. చిటుక్కుమని నిప్పురవ్వ. హెడ్‌లైట్లు రెండూ పెళ్ళిపందిరిలా వెలిగాయి.

“కదపకండి పిన్నిగారూ,” అన్నాడు రమణ.

నేను కదల్లేదు. లోపల అట్టు మాడుతోంది.

“ఎర్తు సరిగ్గా అందట్లేదు బాబాయిగారూ. బ్యాటరీకీ రేకుకీ ఈ తీగే సంబంధం. ఆ సంబంధం సడలిపోతే అట్లకాడ కలిపింది.” బోల్టు విప్పి గోటితో గీకాడు. “ఇదేటి, ఆకుపచ్చగా? ఎవుడో తెలివితక్కువోడు రంగేసీసాడు. రంగులోంచి కరెంటెలా ఎల్తాది?”

రమణ మా కిటికీల వంక చూశాడు. తుక్కాయనా చూశాడు. మావారు మాత్రం నా వంక చూశారు.

“నానేరా,” అన్నారు. “తుప్పొట్టిందని నానే ఏసాను.”

తుక్కాయన నవ్వాడు, రమణ నవ్వాడు, ఆయనా వాళ్ళతో కలిసి నవ్వారు. వీధికంతా నీతులు చెప్పే నేను అట్లకాడ పైటచెంగులో దాచుకుని లోపలికి పోయాను.

తరువాతి సంత నుంచి తిరిగొస్తుంటే దీపాలు ఎదుటి కొండను తాకుతున్నాయి. ఆయన వేరుశనక్కాయలు నా చేతిలో పోసి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగారు.

“ఒక పూతేనా, రెండా?”

“రెండు,” అన్నాను.

“అందుకే అంత గట్టిగా అట్టుకుంది.”

ఆ తరువాత ఎన్నేళ్ళు తిరిగినా, నేను బండి ఎక్కబోతుంటే ఆయన “అట్లకాడ తెచ్చావేటే?” అని అడగకుండా తాళం తిప్పలేదు.

ఇప్పుడు ఆ అట్లకాడ సాక్షిగా శపథం చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకే బోల్టుకూ రంగు వేయను. నిలబెట్టుకోవడం ఏమంత కష్టం కాదు లెండి. వేయడానికి ఆ బండీ లేదు, నానే ఏసానని చెప్పడానికి ఆయనా లేరు.